దిమ్మ వైపు సగం

మీ ఇద్దరికీ ఒక అనుమానం ఉందని మీ అమ్మ చెప్పింది. అమ్మమ్మకి ఫొటోలు పంపితే చూసి ఊరుకుంటోంది, ఒక్క ముక్క కూడా తిరిగి రాయడం లేదు, ఒంట్లో బాగాలేదా అని. ఒంట్లో బాగానే ఉంది. కోపంగా ఉంది. నా కోపం మీరెప్పుడూ చూడలేదు కాబట్టి గుర్తుపట్టలేదు. నేను గొంతు పెంచను. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు, "ఈ పిల్ల మాట్లాడితే ఒళ్ళో పడుకున్న పిల్లికి కూడా వినపడదు" అనేది. గొంతు చిన్నదైతే కోపం కూడా చిన్నదే అనుకుంటారు అందరూ. ఇది చదివాక మీరు అలా అనుకోరు.

పెద్దవాడా, నీకు సగమే తెలుసు. అందుకే మొదటినుంచీ చెబుతాను. చిన్నదానా, నీకు అంతా తెలుసనుకుంటున్నావు. నువ్వు వెళ్ళాక జరిగింది నీకు తెలియదు.

ఎండాకాలం సెలవుల్లో నువ్వు కాలేజీ పని ఉందని తెనాలి వచ్చావు. మనుషుల్ని కాదు, యంత్రాల్ని ఫొటోలు తీయాలన్నావు. నాకు నవ్వొచ్చింది. ఎర్రటి ఎండలో నన్ను స్టేషన్ దాకా లాక్కెళ్ళి, పక్క పట్టాల మీద ఆగి ఉన్న గూడ్సు పెట్టెల్ని కలిపే కొక్కేన్ని ఫొటో తీశావు. ఆ ఫొటోని ఫోన్‌లో నిలువునా మధ్యకి కోసి, ఒక సగం పారేసి, మిగిలిన సగాన్నే అద్దంలో కనిపించినట్టు పక్కన అతికించావు. అంతే. కొక్కెం పోయి బుంగమీసాల తాత వచ్చాడు. రెండు కళ్ళు, వంకర ముక్కు, కింద దిగులుగా వేలాడుతున్న గడ్డం. పెట్రోలు ఖర్చు లేదు, టిక్కెట్టు లేదు, అంత వినోదం నేనెప్పుడూ చూడలేదు. మన వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు గుడ్లగూబ అయింది. చెరుకురసం బండిలో పళ్ళికిలించే రాక్షసుడున్నాడు. ఇంట్లో గ్రైండర్ని నేనే తీయించాను. అందులో మా పెద్దాడపడుచు వచ్చింది, అచ్చం మూతి బిగించుకుని పిలుపు అందలేదని అలిగినట్టు. ఇద్దరం నవ్వీ నవ్వీ అన్నాలు ఆలస్యంగా తిన్నాం. ఆ యాప్ నా ఫోన్‌లో కూడా పెట్టి, వేలితో గీత జరపడం నేర్పావు. అదంతా నేను మరిచిపోలేదు. నాకు కోపం ఆ ఆట మీద కాదు.

"అమ్మమ్మా, ఇంకా పాత మెషీన్లు కావాలి. పెద్దవి. తుప్పు పట్టినవి" అన్నావు. రేపల్లెలో మన బియ్యం మిల్లుంది కదా అని నేనే అన్నాను. ఇప్పుడది మా మరిది కొడుకు చూసుకుంటున్నాడు. మీకు మామయ్య వరస. పొద్దున రైలెక్కి వెళ్ళాం. వేమూరు దాటేదాకా నువ్వు తలుపులోంచి తల బయటికి పెడుతూనే ఉన్నావు, నేను జడ పట్టుకుని లాగుతూనే ఉన్నాను.

మిల్లులో ధాన్యం పొట్టు తీసే ఆ పాత హల్లరు చూడగానే నీ మొహం వెలిగిపోయింది. పెద్దవాడు చూడలేదు కాబట్టి చెబుతాను. మధ్యలో ధాన్యం పోసే ఇనుప తొట్టి. దానికి ఎడమ పక్క సిమెంటు దిమ్మ. ఆ దిమ్మ ఎక్కి నిలబడి, గంపతో ధాన్యం తొట్టిలోకి కుమ్మరిస్తారు. కుడి పక్క చెయ్యి చాపినంత దూరంలో పెద్ద చక్రం, దాని మీద తిరిగే బెల్టు. ఆ చక్రానికి అడ్డంగా ఇనుప జాలీ బిగించి ఉంటుంది. ఉండేది.

"మామయ్యా, ఆ జాలీ అడ్డంగా ఉంది. చక్రం కనిపించట్లేదు. ఒక్క నిమిషం తీయరా?"

"నీకోసం మిల్లే తీసేస్తాను తల్లీ, జాలీ ఎంత!" అని వాడు రెంచి తెప్పించాడు.

మిల్లు ఆపారు, జాలీ ఊడదీశారు, గోడకి ఆనించారు. నేను చూస్తూనే ఉన్నాను. ఫొటో తీశాక మళ్ళీ బిగిస్తారు కదా అనుకున్నాను. నువ్వు తీశావు. అక్కడే నిలబడి గీత జరిపి కుడి సగాన్ని అద్దం చేశావు. అందరం నీ భుజాల మీంచి తొంగి చూశాం. 

చక్రం రెండు చక్రాలై రెండు కళ్ళయింది. తొట్టి సగానికి సగం కలిసి కిరీటమైంది. బియ్యం జారే గొట్టం ముక్కయింది. బెల్టు రెండు వైపులా జారి విరబోసుకున్న జుట్టులా ఉంది. ఇక ఆయుధపూజకి పెట్టిన కుంకుమ బొట్టు ఒకటి తొట్టి నడుమ పాతబడి మిగిలి ఉంది. అది సరిగ్గా నుదుటి మీదికి వచ్చి కూర్చుంది. నేనూ దణ్ణం పెట్టాను, దాచడమెందుకు. చెయ్యి దానంతటదే లేచింది.

"అమ్మవారు!" అన్నాడు మీ మామయ్య. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇన్నేళ్ళూ మన మిల్లులోనే ఉందా పెద్దమ్మా! మనమే చూడలేకపోయాం!"

ఆ జాలీ ఎందుకుందో మీకు చెప్పాలి. మీ అమ్మ బళ్ళోకి వెళ్ళే రోజుల మాట. అప్పుడు జాలీ లేదు. దిమ్మ మీద నిలబడి ధాన్యం పోసే మనిషి ఒకావిడ ఉండేది, నాకంటే కాస్త పెద్ద. నేను అక్కా అని పిలిచేదాన్ని. తొట్టిలో ధాన్యం ఒక వైపు పేరుకుంటే చేత్తో చదును చెయ్యాలి. అలా వంగితే పైట చెంగు జారి పడేది నేరుగా చక్రం మీదికే. ఒకరోజు పడింది. చక్రం ముందు చెంగుని పట్టుకుంది, తర్వాత చేతిని పట్టుకుంది. కుడి చెయ్యి మోచేతి దాకా పోయింది. నేను మిల్లు వెనక ఇంట్లో ఉన్నాను. ఆవిడ అరుపు నాకు వినపడలేదు. మిల్లు హోరులో ఎవరికీ వినపడలేదు. బియ్యం రంగు మారితే చూశారు.

ఆవిడ ఆసుపత్రిలో ఉండగానే మిల్లు నడపాలని చూశారు. మీ తాతయ్యతో నేను అన్నాను, చక్రానికి అడ్డం పడేదాకా ఇంట్లో పొయ్యి వెలగదని. చిన్న గొంతుతోనే అన్నాను. పొయ్యి వెలిగించలేదు. ఆయన మర్నాడే తెనాలి వెళ్ళి, వెల్డింగు షాపులో దగ్గరుండి ఆ జాలీ చేయించి, రైలు పెట్టెలో పెట్టుకుని తెచ్చారు. నాకు ఆయన చేయించిన నగలేవీ గుర్తులేవు. ఆ జాలీ మాత్రం గుర్తుంది.

అక్క తర్వాత బాపట్లలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. కూతురిని రేపల్లెలోనే ఇచ్చారు. ఇప్పుడు అదే దిమ్మ మీద ధాన్యం పోస్తున్నది ఆ కూతురే.

మనం తెనాలి వచ్చేశాం. నువ్వు వెళ్ళిపోయావు. మీ మామయ్య నీ ఫొటోని నిలువెత్తు ఫ్లెక్సీ వేయించి మిల్లు గుమ్మం పైన కట్టాడు. బియ్యం ఆడించుకోవడానికి వచ్చేవాళ్ళు చెప్పులు బయట విడిచి లోపలికి రావడం మొదలుపెట్టారు. శుక్రవారం కొబ్బరికాయలు కొడుతున్నారు. నీకూ ఆ ఫొటోలు పంపాడు, నువ్వు తెగ సంబరపడ్డావు. నేను ఫోన్ చేసి అడిగాను.

"జాలీ బిగించావా నాన్నా?"

"బిగిస్తాం పెద్దమ్మా. నట్లు తుప్పు పట్టినయ్యి. కొత్తవి తెప్పించాలి."

ఇంకోసారి అడిగితే, "జనం చూట్టానికొస్తన్నారు పెద్దమ్మా. జాలీ వేస్తే అమ్మవారి కన్ను మూసినట్టుంటది" అన్నాడు. మరోసారి చేస్తే ఫోనే ఎత్తలేదు.

ఆ మధ్య బాపట్లలో మన బంధువుల గృహప్రవేశం ఉంటే వెళ్ళాను. అక్కడిదాకా వెళ్ళినదాన్ని కదా అని అక్కని చూడ్డానికి వెళ్ళాను. వరండాలో కూర్చుని ఎడమ చేత్తో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఒళ్ళో కాయ పెట్టి, కుడి మోచేత్తో అదిమి పట్టి, ఎడమ చేత్తో లాగుతోంది. నన్ను చూసి నవ్వింది. ఏవో మాటలయ్యాక నీ ఫొటో చూపించాను. ఎందుకు చూపించానో తెలియదు. కూతురు పనిచేసే చోటు కదా, చూస్తుందనిపించింది.

ఫోను దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసింది.

"ఇదేంటమ్మగారూ, మన హల్లరేనా?"

"అదే అక్కా. అందులో అమ్మవారు కనపడిందని పూజలు చేస్తున్నారు."

ఆవిడ ఫక్కున నవ్వింది. "బాగుందండి! నా చెయ్యి తిన్నదానికి దండలేస్తన్నారా! మరి నాకేవి దండలు? సగం ప్రసాదం నాదేగా!" నవ్వుతూనే ఫోనుని అటూ ఇటూ తిప్పింది. నవ్వు మెల్లగా ఆగింది. "రెండు పక్కలా చక్రమే ఉందేంటండి? దిమ్మేది? మా పిల్ల నిలబడే చోటేదండి?"

"ఫోన్‌లో సగం తీసేస్తారు అక్కా. రెండోది దాని నీడే."

"ఆహా." ఫోను నా ఒళ్ళో పెట్టింది. "మరి జాలీ కూడా ఫోన్లోనే తీసేశారా అమ్మగారూ? బయట ఉందిగా?"

నేను ఫోను సంచిలో పెట్టేశాను. ఆవిడ చిక్కుడుకాయలు నాకు కూడా ఒక కవర్లో కట్టిచ్చింది. తెనాలి రైల్లో ఆ కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే వచ్చిందర్రా కోపం. అది మొదలు.

నువ్వు పంపినవాటిలో అసలు ఫొటో కూడా ఉంది కదా, అద్దం చెయ్యకముందుది. ఇంటికొచ్చి అది తీసి చూశాను. ఎడమ సగంలో దిమ్మ ఉంది. దిమ్మ మీద గంప పట్టుకుని ఆవిడ కూతురుంది, పక్కకి తప్పుకోవాలా వద్దా అన్నట్టు నిలబడి. ఆరోజు నువ్వు చూడలేదు. నేనూ చూడలేదు. గీత జరిపినప్పుడు నువ్వు పారేసిన సగం అదే.

దసరా దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం మీ మామయ్యే ఫోన్ చేశాడు. గొంతులో ఆనందం ఆగడంలేదు.

"పెద్దమ్మా, అమ్మవారు చీరడిగింది!"

"ఏంటీ?"

"నిన్న మిల్లాడతా ఉంటే, ధాన్యం పోసే మనిషి పైట చెంగు అమ్మవారు పట్టుకుంది పెద్దమ్మా! జానెడు ముక్క చింపి తీసేసుకుంది. మనిషికి గీత కూడా పడలా! అందరూ చూశారు. చీర కావాలని అడగటమేగా అది? ఆయుధపూజ నాడు కట్టబెడదాం. ఇంటికి పెద్దదానివి, నీ చేత్తో పెడితే బాగుంటది. తెనాల్లో మంచి ఎర్రంచు చీర తీసుకుని రా."

 "వస్తున్నాను" అన్నాను.

చీర కొన్నాను. ఎర్రంచుదే. ఆయుధపూజ దాకా ఆగలేదు, మర్నాడు పొద్దునే రైలెక్కాను. రేపల్లె స్టేషన్లో దిగి ఆటోలో మిల్లుకి వెళ్ళాను. గుమ్మం పైన ఫ్లెక్సీ, రెండు చక్రాల కళ్ళతో. గుమ్మం పక్కన చెప్పుల స్టాండు. నేను చెప్పులు విడవబోతూ ఆగిపోయాను. నాలుగు ఇటుకల మీద పరిచిన ఆ ఇనుప స్టాండు మీ తాతయ్య చేయించిన జాలీ. దాని మీద జనం చెప్పులు.

చిన్నదానా, విడవబోయిన చెప్పుల్లోకి మళ్ళీ కాళ్ళు దూర్చాను. 

చెప్పులతోనే లోపలికి వెళ్ళాను. మిల్లు ఆడుతోంది. హోరు. దిమ్మ మీద అక్క కూతురు గంప ఎత్తి పోస్తోంది. పైట నడుం చుట్టూ బిగించి దోపుకుంది, భయపడ్డవాళ్ళు బిగించినట్టు. పక్కనే చక్రం, గాలి కొడుతూ. మీ మామయ్య ఎదురొచ్చి ఏదో అన్నాడు. నేను జవాబు చెప్పాను. వాడికి వినపడలేదు. మళ్ళీ చెప్పాను. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంటి పెద్దమ్మా?" అని అరిచాడు. నేను అదే గొంతుతో మళ్ళీ చెప్పాను. చివరికి వాడు విసుక్కుని, నడిపేవాడికి చేత్తో సైగ చేసి మిల్లు ఆపించాడు.

బెల్టు మెల్లగా జారి జారి ఆగింది. అంత నిశ్శబ్దంలో నా గొంతు అందరికీ వినపడింది.

"దిమ్మ దిగమ్మా" అన్నాను ఆ పిల్లతో. అది దిగింది. నేనెక్కి కూర్చున్నాను.

"పెద్దమ్మా, అక్కడ కూచోమాక, దుమ్ము..."

"నేను మాట్లాడాలి. మాట్లాడేదాకా మిల్లు వెయ్యద్దు. వేస్తే నా మాట వినపడదు."

"చెప్పు పెద్దమ్మా, ఎంతసేపు?"

"ఎంతసేపు పడితే అంతసేపు."

వాడు నవ్వాడు. తర్వాత నవ్వలేదు. నేను మొదలుపెట్టాను. ఈ దిమ్మ మీద ఎవరు నిలబడేదో, వాడు చిన్నప్పుడు ఏడిస్తే ఎవరెత్తుకుని ఊక గుట్టల మీద ఆడించేదో, రెండు చేతులతో ఎత్తుకునేది కదరా అని. బియ్యం రంగు మారిన రోజు సంగతి. ఆ పని ఈ పని అని వాళ్ళు కదిలితే, "ఇంకా అవలేదు" అన్నాను. బియ్యం ఆడించుకోవడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలో గుమిగూడారు. ఒకాయన, "మామ్మగారూ, మా బస్తాలు రెండేనండి, ఆడించుకుని పోతామండి" అన్నాడు.

"కూర్చో బాబూ, నువ్వు కూడా విను. చెప్పులు తీసి పెట్టావే, ఆ స్టాండేంటో తెలుసా?"

మీ మామయ్య మొహం మాడింది. "జనం ముందర ఎందుకు పెద్దమ్మా? జాలీయేగా? వేద్దాంలే, పండగెళ్ళాక."

"ఇప్పుడు."

"ఇప్పుడెట్టా? అమ్మవారి కన్ను మూస్తే అరిష్టం కాదా? నిన్నగాక మొన్న చీర అడిగిన తల్లి!"

నేను సంచిలోంచి చీర తీశాను. వాడు తృప్తిగా రెండు చేతులూ చాపాడు. నేను అక్క కూతురిని పిలిచాను. "చిరిగింది నీ చీర. ఇదిగో తీసుకో."

అది వెనక్కి జరిగింది. "వద్దండి అమ్మగారండీ, అమ్మవారికి తెచ్చింది..."

"అమ్మవారు అడగలేదమ్మా. చెంగు లాగింది బెల్టు. అమ్మవారు ఎవరి పైటా లాగదు. లాగేవాణ్ణి ఏమంటారో మీ అందరికీ తెలుసు." ఇది చెప్పేటప్పుడు కూడా గొంతు పెంచలేదు. గుమ్మంలో ఒక ఆడమనిషి "అవునండి" అంది, గట్టిగానే. ఇంకొకావిడా అంది. ఆ పిల్ల చీర తీసుకుంది.

మీ మామయ్య చాపిన చేతులు దించుకున్నాడు. వాడు చెడ్డవాడు కాదర్రా. అదే నాకు ఇంకా మంట. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని. గుమ్మం వైపు చూసి, "చెప్పులు పెట్టిన జాలీ అమ్మవారి మొహానికి ఎట్టా కడతాం పెద్దమ్మా? మహాపాపం" అన్నాడు.

"కడగండి. పసుపు నీళ్ళతో కడగండి. నేనిక్కడే ఉంటాను."

చెప్పులన్నీ తీశారు. జాలీని కుళాయి కింద పెట్టి కడిగారు, పసుపు నీళ్ళు పోశారు. కొత్త నట్లకి బజారుకి మనిషి వెళ్ళాడు. ఇన్నాళ్ళూ దొరకని నట్లు పావుగంటలో వచ్చాయి. బిగిస్తున్నంతసేపూ నేను మాట్లాడుతూనే ఉన్నాను. చెప్పాల్సినవి అయిపోతే చిక్కుడుకాయ కూర ఎలా వండాలో చెప్పాను. ఆఖరి నట్టు బిగిశాక దిమ్మ దిగాను. మోకాళ్ళు పట్టేశాయి, ఆ పిల్లే చెయ్యి పట్టుకుని దింపింది.

ఇక్కడితో అయిపోతే నాకు కోపం దిగిపోయేది. కానీ మీ మామయ్య ఆ జాలీకి దణ్ణం పెట్టి, జనం వైపు తిరిగి, "అమ్మవారికి కవచం ఏశాం!" అన్నాడు. అందరి మొహాలూ విప్పారాయి. "కవచమా! బాగుంది బాగుంది" అన్నారు. బస్తాలాయన జేబులోంచి కర్పూరం తీశాడు. పండగలోపు దానికి బంగారు రంగు కూడా వేయించారు. ఫొటో మీకూ వచ్చింది. దాని కింద, చిన్నదానా, నువ్వు చేతులు జోడించిన బొమ్మ పెట్టావు.

జాలీ పడింది. ఇక ఎవరూ తీయరు, అమ్మవారి కవచం కదా. నాకది తెలుసు, అందుకే ఊరుకున్నాను. కానీ అది చేతి కోసం పడలేదు. ఒక చెయ్యి పోయింది, ఇంకోటి పోబోయింది, ఆ చేతుల కోసమైతే నట్లు దొరకలేదు. ఇనుములో కనపడిన మొహం కోసమైతే పావుగంటలో దొరికాయి. ఎన్ని రాత్రులు పడుకున్నా ఇది నాకు దిగడంలేదు. నీ మీద కోపమా అంటే, ఉంది తల్లీ, కాస్త ఉంది. వాడి మీద ఉంది. దణ్ణం పెట్టిన నా చేతి మీద కూడా ఉంది.

నిన్న కళ్ళజోడు పెట్టుకుని నీ అసలు ఫొటో మళ్ళీ తీశాను. నువ్వు నేర్పినట్టే గీత జరిపాను, నువ్వు జరిపిన వైపు కాదు, అటు వైపు. దిమ్మ వైపు సగాన్ని అద్దం చేశాను. చక్రం పోయింది. మొహం ఏదీ రాలేదు, ఎంత చూసినా. రెండు దిమ్మలు, రెండు గంపలు, పక్కపక్కన ఇద్దరు ఆడవాళ్ళు, నాలుగు చేతులు. నాలుగూ మోచేతి కింద దాకా ఉన్నాయి, వేళ్ళతో సహా.

బాపట్లకి పంపాను, అక్క కొడుకు ఫోనుకి. మీకూ పంపుతున్నాను, చూడండి. మీ మామయ్యకి కూడా పంపాను. ఫ్లెక్సీ వేయిస్తావా అని అడిగాను. చూసినట్టు రెండు నీలం గీతలు మాత్రం పడ్డాయి.